నెల చందా మనుషులేమైపోయారు?

ఆడపిల్లల శరణాలయాలకి ఈ రోజుల్లో కేకులకి లోటు లేదు. లోటల్లా పప్పుకి, పాలకి, కరెంటు బిల్లుకి, రాత్రిళ్లు పిల్లల దగ్గర పడుకునే ఆయమ్మ జీతానికి. ఆదివారం ఒక్కరోజే మూడు పుట్టినరోజులు, మూడు బిర్యానీలు. మంగళవారం వచ్చేసరికి చారునీళ్లు. ఇదేం పద్ధతని అడిగితే "మీ కాలం వేరు మామ్మగారూ" అంటారు. వేరే. ఎలా వేరో చెబుతాను, కాస్త ఓపిగ్గా వినండి.

1970ల మాట. కాకినాడలో మా మహిళా మండలికి సొంత గదంటూ ఉండేది కాదు. మా కార్యదర్శి అక్కయ్యగారింటి వీధరుగే మా ఆఫీసు. చాప పరుచుకుని కూర్చునేవాళ్లం. నెల చందా రెండు రూపాయలు. ప్లీడరుగారి భార్య ఐదిచ్చేది. స్కూలు బంట్రోతు భార్య అర్ధరూపాయి ఇచ్చేది. పుస్తకంలో ఇద్దరి పేర్లూ ఒకదాని కింద ఒకటి, ఒకే సిరాతో ఉండేవి. నెలాఖరున వచ్చిందెంతో, ఖర్చయిందెంతో అందరి ముందూ పైకి చదివేవారు. విడివిడిగా ఎవరెంత ఇచ్చారో మాత్రం చదివేవారు కారు. అర్ధరూపాయి ఇచ్చినావిడకి కూడా "పప్పు ధర అంతెందుకైంది?" అని నిలదీసే హక్కుండేది, నిలదీసేది కూడా.

డబ్బు చేతిలో ఆడని ఇళ్లు చాలానే ఉండేవి. ఆ ఇళ్లలో పిడికెడు బియ్యం. పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేసేవారు. నెలకోసారి మేం వెళ్లి తెచ్చుకునేవాళ్లం. డోర్నకల్ వైపు చర్చి కుటుంబాల్లో కూడా ఇలాగే పూటకో పిడికెడు తీసిపెట్టే ఆచారం ఉందని మా మండలిలో ఉన్న టీచరమ్మ చెప్పేది.

ఆ బియ్యం సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడెవరికీ తెలీదు. నలభై ఇళ్ల బియ్యం ఒకే గోనెలో పోసేస్తే వండడం ఏ వంటమనిషి తరమూ కాదు. పాత బియ్యం ఉడికేసరికి కొత్త బియ్యం ముద్దయిపోతుంది. మసూరి మెత్తబడేసరికి దాళ్వా బియ్యం ఇంకా పలుకు మీదే ఉంటుంది. అందుకని ఏ ఇంట్లో ఏ బియ్యమో అడిగి, పాతవి ఒక గోనెలో, కొత్తవి ఒక గోనెలో పోసేవాళ్లం. చేటలో చెరిగి, రాళ్లేరి, నూకలు జల్లించి మూడో మూట కట్టేవాళ్లం. నూకలు పొద్దుటి ఉప్మాకి, ఒంట్లో బాగోలేని పిల్లలకి జావకి. అరుగు మీద కూర్చుని మధ్యాహ్నమంతా ఈ పని చేస్తుంటే చేతులు తెల్లగా తవుడు పట్టేవి. శరణాలయంలో పిల్లలు తినే అన్నం ఎలా ఉంటుందో మాకు ఆ చేతుల్లోంచే తెలుసు.

ఇంకొకటి కూడా తెలిసేది. ఒక ఇంటి డబ్బాలో బియ్యం ఏ నెలైనా తగ్గితే అక్కయ్యగారు ఊరుకునేవారు కారు. ఆ సాయంత్రం ఏదో వంకతో ఆ ఇంటికి వెళ్లేవారు. ఒకసారి అలా వెళితే, ఆ ఇంటాయన పని పోయి రెండు నెలలైందని, ఇల్లాలు పస్తులుండి కూడా మా డబ్బాలో బియ్యం వేస్తూనే ఉందని తెలిసింది. ఆ నెల ఆ ఇంటికి మా మండలి బియ్యమే వెళ్లింది. ఇచ్చిన చెయ్యే పుచ్చుకోవడంలో ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. ఆయనకి పని దొరికాక మళ్లీ డబ్బా నిండింది. ఫోనులో డబ్బు కొట్టి రసీదు పుచ్చుకునే పద్ధతిలో ఈ సంగతి ఎలా తెలుస్తుంది? చందా ఆగిపోతే ఒక రిమైండరు వెళ్తుంది. మనిషి వెళ్లదు.

చందా ఒక ఎత్తు, వంతు ఒక ఎత్తు. వారానికి ఇద్దరు సభ్యులకి శరణాలయానికి వెళ్లే వంతుండేది. చెప్పి వెళ్లకూడదు. భోజనాల వేళకి వెళ్లాలి, పిల్లల పంక్తిలోనే కూర్చుని తినాలి. తలల్లో పేలున్నాయా, జాకెట్లు పిగిలిపోయాయా, ఎవరైనా పిల్ల మాట్లాడడం మానేసిందా అని చూడాలి. చూసింది పుస్తకంలో రాయాలి. ఒకసారి స్నానాల గది తలుపుకి గడియ లేదని రాశారు. మర్నాడు పొద్దున్నే వడ్రంగి వెళ్లాడు. గడియకి ఎంతైందో నాకిప్పుడు గుర్తు లేదు, రెండు మూడు రూపాయలై ఉంటుంది. ఎదిగిన పిల్లలు అన్నాళ్లూ ఒకరికొకరు తలుపు దగ్గర కాపలా ఉంటూ స్నానాలు చేశారు. ఏడాదికోసారి దుప్పట్లు పంచి ఫొటో దిగి వెళ్లేవాళ్లకి ఆ గడియ కనిపించేది కాదు. కనిపించడానికి అక్కడ కూర్చోవాలి.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. మా ముందువాళ్లు చూపించిందే. వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించారని బడిపిల్లలందరూ చదువుతారు. ఆ మర్నాటి నుంచి ఏం జరిగిందో ఎవరూ చదవరు. పెళ్లి ఒక పూటలో అయిపోయింది. తరవాత వెలి. వంటవాళ్లు రారు, నీళ్లు మోసేవాళ్లు రారు. వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి, తనే వండి పెట్టారు. మా కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు డబ్బుతో వెనక నిలబడ్డారు. ఒకరోజు పందిరి కింద అక్షింతలు వేసి వెళ్లిపోయేవాళ్లే అందరూ అయితే ఆ ఆడపిల్లలు ఏమైపోయేవాళ్లు? రోజూ బిందె మోసిన మనిషి వల్లే ఆ పెళ్లిళ్లు నిలబడ్డాయి. చివరికి వీరేశలింగంగారు తన ఆస్తంతా హితకారిణీ సమాజానికి రాసిచ్చేశారు. తను పోయాక కూడా పని ఆగకూడదని.

దుర్గాబాయమ్మ కథైతే మా మండలిలో కొత్తగా చేరిన ప్రతి కోడలికీ చెప్పేవారు. పుట్టింది రాజమండ్రిలో, 1909లో. పెరిగిందీ పని మొదలుపెట్టిందీ కాకినాడలో. 1921లో గాంధీగారు కాకినాడ వస్తున్నారంటే, ఆయన మాట దేవదాసీలూ ఘోషా స్త్రీలూ కూడా వినాలని పన్నెండేళ్లయినా నిండని ఆ పిల్ల పట్టుబట్టింది. ఐదు వేల రూపాయల నిధి పోగుచేసి ఇస్తే ఏర్పాటు చేస్తామన్నారు పెద్దలు. ఐదు వేలంటే ఆ రోజుల్లో మాటలా? ఆ డబ్బు పోగవడానికి దేవదాసీలే ముందు నిలబడ్డారు. సభలో వంటి మీది నగలు కూడా ఒలిచి ఇచ్చారు. ఊరు ఎవరిని చూసి జాలిపడిందో, ఎవరిని చూసి మొహం తిప్పుకుందో, ఆ ఆడవాళ్లే దాతలయ్యారు. శరణాలయం పిల్లల్ని వరసగా నిలబెట్టి "థాంక్యూ అంకుల్, థాంక్యూ ఆంటీ" అనిపించేవాళ్లకి ఈ కథ చెప్పాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. ఎదురుగా నిలబడ్డ పిల్ల రేపు మీకంటే పెద్ద చెయ్యి కావచ్చు.

దుర్గాబాయమ్మ 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి పెట్టినప్పుడు మొదటి అధ్యక్షురాలు ఆవిడే. 1958లో ఆ మండలి తరఫున, చదువు మధ్యలో ఆగిపోయిన పెద్దాడవాళ్ల కోసం రెండేళ్లలో పరీక్ష కట్టించే చదువు మొదలైంది. భర్త పోయినవాళ్లు, మొగుడు వదిలేసినవాళ్లు ఎందరు ఆ చదువుతో టీచర్లూ నర్సులూ అయ్యారో! మా చందాల్లోంచి కూడా అలా చదువుకునేవాళ్లకి పరీక్ష ఫీజు కట్టేవాళ్లం. ఫీజుతో సరిపోదు. పరీక్ష రోజుల్లో చదువుకునే ఆవిడ చంటిపిల్లని ఎవరు చూస్తారు? దానికీ వంతులేసుకున్నాం. హాలు బయట చెట్టు కింద మా సభ్యురాలు పిల్లని ఎత్తుకుని కూర్చునేది, లోపల తల్లి లెక్కల పరీక్ష రాసేది.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. పదివేల పైచిలుకు ప్రాణాలు పోయాయి. ఊరూరా బట్టలు పోగుచేశారు, మేమూ చేశాం. మా అక్కయ్యగారు ఒకటే మాటన్నారు, ఒంటి చీర తీసుకోవద్దని. కట్టుబట్టలతో మిగిలిన ఆడమనిషికి చీరొక్కటే ఇస్తే లోపల ఏం కట్టుకుంటుంది? చీర, లంగా, జాకెట్టు, ఒక తువ్వాలు, పాత మెత్తని గుడ్డలు నాలుగు, సూదీ దారం. ఇవన్నీ కలిపి ఒక మూట. ఆ పాత మెత్తని గుడ్డలు దేనికో ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ మూటలో నా మనసుకి ఎప్పటికీ పెద్ద వస్తువు అదే. చిరుగుల చీర ఎవరైనా తెస్తే అక్కయ్యగారు వాళ్ల ఎదురుగానే మడతపెట్టి వెనక్కిచ్చేసేవారు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ అనేవారు.

ఇప్పుడు శరణాలయాల వరండాలో గుట్టలుగా పడుంటాయి బట్టలు. బొత్తాలూడిన చొక్కాలు, జిప్పు పోయిన పేంట్లు, పెళ్లిలో ఒక్కసారి కట్టి పారేసిన జరీ గాగ్రాలు. వాటిని విడదీసి పనికిరానివి పారేయించడానికి వార్డెను మళ్లీ మనిషిని పెట్టుకోవాలి. ఇల్లు ఖాళీ చేసుకోవడానికి శరణాలయాలు కావలసి వస్తున్నాయి. ఇది దానమెలా అవుతుందో నాకు ఎవరైనా చెప్పండి.

పుట్టినరోజుల విషయానికొస్తాను. పిల్లలకి ఒక పూట మంచి భోజనం పెట్టడం తప్పని నేననను. ఈ మధ్య ఒక ఆదివారం ఒక ఆడపిల్లల హోముకి వెళ్లాను. పన్నెండున్నరకి భోజనాలన్నారు దాతలు. రెండున్నరకి వచ్చారు. అప్పటిదాకా పిల్లలు ఉతికిన గౌన్లలో, నూనె రాసి దువ్విన జడలతో, చాపల మీద కూర్చునే ఉన్నారు. చిన్నపిల్లలు ఇద్దరు ఆ చాప మీదే నిద్రపోయారు. దాతలొచ్చాక కేకు, పాట, ఫొటోలు. వడ్డన మొదలుపెట్టిన పుట్టినరోజు పిల్లవాడి తండ్రి వీడియో సరిగ్గా రాలేదని గరిటె మళ్లీ ఎత్తి మళ్లీ వడ్డించాడు. రెండో వరసలో పదమూడు పద్నాలుగేళ్ల పిల్ల ఒకతి ఉంది. ఫోను తన వైపు తిరిగినప్పుడల్లా ముందున్న పిల్ల వెనక్కి తల వంచేస్తోంది. "పైకి చూడమ్మా, నవ్వమ్మా" అంటున్నారు వాళ్లు. ఆ పిల్ల ఏ ఇంట్లోంచి, ఎవరి చేతిలోంచి తప్పించుకుని అక్కడికొచ్చిందో వార్డెనుకి తెలుసు. ఆ ఫొటో ఎవరి ఫోనుకి చేరితే ఏమవుతుందో ఆ పిల్లకి తెలుసు. నవ్వమన్నవాళ్లకి తెలీదు, అడగలేదు కూడా.

దీనికి చట్టముంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షను ప్రకారం ఇలా రక్షణలో ఉన్న పిల్లల పేరు, చిరునామా, స్కూలు, ఫొటో, పోల్చుకోవడానికి వీలిచ్చే ఏ వివరమూ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చదువుకున్నవాళ్లు, పెద్ద ఉద్యోగాలవాళ్లు, పేపరు రోజూ తిరగేసేవాళ్లు ఆ సాయంత్రానికల్లా ఆ ఫొటోలు పదిమందికీ పంపేస్తారు. వార్డెను ఎందుకు వద్దనదంటే, వద్దంటే వచ్చే నెల బియ్యం రావేమోనని భయం. ఆ భయం పెట్టి తీసిన ఫొటో అది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మా రోజుల్లో ఏ చట్టమూ లేకుండానే ఈ మర్యాద ఉండేదని చెబితే అది సగం నిజమే. మా మండలి పాటించింది, అందరూ పాటించలేదు. ఆ రోజుల్లో కొన్ని హోముల్లో పెళ్లీడుకొచ్చిన పిల్లల్ని వరసగా నిలబెట్టి, వచ్చినవాడికి నచ్చినదాన్ని ఇచ్చి పంపేసేవారు. ఆ పిల్లలు ఆ తరవాత ఎలా ఉన్నారని వెళ్లి చూసిన నాథుడు లేడు. పిల్లల మీద జరిగే పాడుపనులకి మాటే లేదు, ఉన్నా ఎవరూ నోరు విప్పేవారు కారు. ఇప్పుడు హోములన్నీ రిజిస్టరు చేయించాలి. పిల్లల సంక్షేమ సమితి ముందు పిల్లని హాజరు పరచాలి. పిల్లల మీద లైంగిక నేరాలకి 2012లో వేరే చట్టమే వచ్చింది. పిల్లల సహాయవాణి 1098కి ఎవరైనా ఫోను చెయ్యొచ్చు. విజయవాడలో 1989 నుంచి నవజీవన్ బాలభవన్ వాళ్లు రైల్వే స్టేషను ప్లాట్‌ఫారాల మీద తిరిగే పిల్లల కోసం పనిచేస్తున్నారు. హైదరాబాదులో 1996లో మొదలైన ప్రజ్వల ఆడపిల్లల్ని అమ్ముకునేవాళ్ల చేతుల్లోంచి విడిపిస్తోంది. ఇలాంటివాళ్ల పనిలో సగమైనా మా తరానికి చేతకాలేదు, ఊహకి కూడా అందలేదు. అందుకే నా కోపం ఇంకా ఎక్కువ. చట్టం పెరిగింది, పని తెలిసినవాళ్లు పెరిగారు, డబ్బు పెరిగింది. నెలనెలా వెనక నిలబడే మనుషులు తగ్గారు.

డబ్బు ఎంత పెరిగిందంటే, 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో నూటికి 2 రూపాయలు సమాజానికి ఖర్చు పెట్టాలి. మంచిదే. గోడ కట్టిస్తారు, నీళ్ల ప్లాంటు పెట్టిస్తారు, పాలరాతి పలక మీద పేరు చెక్కిస్తారు. నేను చూసిన ఒకచోట నీళ్ల ప్లాంటుకి ఫిల్టరు మార్చేవాళ్లు లేక మూలన పడింది. పేరున్న పలక మాత్రం నిక్షేపంగా ఉంది. ఫిల్టరుకి డబ్బివ్వండంటే అది ఈ ఏడాది పద్దులో లేదన్నారు. ఆయమ్మ జీతానికి ఇవ్వండంటే జీతాలకి ఇవ్వరట. మరి రాత్రి రెండింటికి జ్వరమొచ్చిన పిల్లకి తడిగుడ్డ వేసేది గోడా, నీళ్ల ప్లాంటా?

మా కోడలు వాళ్ల అపార్ట్‌మెంటులో ఆడవాళ్లందరూ కలిసి ఒక బృందం పెట్టుకున్నారు. తలా ఐదు వందలు నెలకి. మంచి పిల్లలే, మనసున్నవాళ్లే. కోడలి అక్క అమెరికాలో ఉంటుంది, ఆవిడ చెప్పిన పద్ధతట. అక్కడ మిషిగన్ రాష్ట్రంలో జాక్సన్ అనే ఊళ్లో 2006లో నూరుమంది ఆడవాళ్లు గంటసేపు కూడి, తలా నూరు డాలర్లు వేసుకుని, వాళ్ల ఊళ్లోనే ఉన్న ఒక సేవాసంస్థకి అక్కడికక్కడే ఇచ్చేశారట. పిల్లల ఉయ్యాలమంచాల కోసం. అది చూసి ఇంకా ఎన్నో ఊళ్లలో మొదలెట్టారట. నలుగురు కలిసి వేసుకోవడం, ఊళ్లోవాళ్లకే ఇవ్వడం, డబ్బు మధ్యలో ఎక్కడా ఆగకపోవడం నాకు నచ్చాయి. నచ్చనిది ఆ ఓటు. సభలో ఒక్కొక్కరు లేచి ఒక్కో సంస్థ గురించి ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఎవరి మాటకి కళ్లలో నీళ్లు తిరిగితే వాళ్లకి ఓట్లు. మురుగుతొట్టి పొంగుతోందంటే ఎవరి కళ్లలో నీళ్లు తిరుగుతాయి? కోడలి బృందంలో అదే జరిగింది. ఓటు ఎటు పడితే అటు, మొదటి నెల ఒక హోము, రెండో నెల ఇంకో హోము, మూడో నెల మరో ఊరు. ఏ ఒక్క చోటా పిల్లల పేర్లు వీళ్లకి తెలీవు. మొదటి హోమువాళ్లు మూడో నెలలో ఫోను చేస్తే, మీ వంతు అయిపోయిందండీ అన్నారు.

"అమ్మాయ్, ఆకలి వంతుల ప్రకారం వస్తుందా?" అని అడిగాను.

"అందరికీ అందాలి కదత్తయ్యా" అంది.

అందరికీ అందించడానికి ఊళ్లో ఇంకా బృందాలు పుట్టాలి. ఒక బృందం ఒక చోటు పట్టుకుని మూడేళ్లు వదలకుండా ఉండాలి. అప్పుడు వార్డెను ఏప్రిల్ నెలలో భయపడకుండా నిద్రపోతుంది. ఏప్రిల్ ఎందుకన్నానంటే, మార్చి 8కి మహిళా దినోత్సవమని చీరలు, పూలు, ఉపన్యాసాలు అన్నీ ఒక్కసారే వచ్చేస్తాయి. ఆ తరవాత ఎండలు ముదురుతాయి, దాతలు వేసవి ఊళ్లకి వెళ్లిపోతారు, పిల్లలకి బడి సెలవులు గనక మధ్యాహ్నం భోజనం కూడా హోములోనే పెట్టాలి. ఖర్చు పెరిగే నెలల్లోనే రాబడి ఆగుతుంది. సర్కారు సొమ్ము వచ్చే చోట కూడా వేళకి రాదు. ఈ లెక్క ఏ హోము పద్దు పుస్తకం విప్పినా కనిపిస్తుంది. విప్పి చూపించమని అడిగేవాళ్లే లేరు. దానమిచ్చి లెక్క అడగడం అమర్యాద అనుకుంటున్నారు. మా అర్ధరూపాయి ఆవిడ వింటే నవ్విపోయేది.

ఇంకో ముఖ్యమైన సంగతి. హోములో ఉన్న పిల్లల్లో తల్లి బతికే ఉన్నవాళ్లు బోలెడంతమంది. తండ్రి పోయాడు, తల్లి నాలుగిళ్లలో అంట్లు తోముకుంటుంది, పెంచలేక తెచ్చి దింపింది. ఆ తల్లి తన దగ్గరే పిల్లని ఉంచుకోగలిగే దారి ఇప్పుడుంది. మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి పిల్లకి 4,000 రూపాయలు ఇస్తారు. భర్త పోయిన, భర్త వదిలేసిన తల్లుల పిల్లలకి వర్తిస్తుంది. ఏడాది ఆదాయం పల్లెల్లో 72,000, పట్నాల్లో 96,000 దాటకూడదు. హోములో వెయ్యడం ఆఖరి దారిగానే ఉండాలని చట్టమే అంటోంది. మరి ఆ 4,000 ఎంతమందికి అందుతోంది? భర్త మరణ పత్రం ఒక ఆఫీసులో, ఆదాయ పత్రం ఒక ఆఫీసులో, ఆధారులో పేరు ఒకలా బ్యాంకులో పేరు ఒకలా. ఒక్కో తిరుగుడికీ ఒక్కో రోజు కూలి పోతుంది, రెండు రోజులు మానేస్తే పని చేసే ఇల్లే పోతుంది. కాకినాడ జగన్నాథపురంలో అలా తిరిగి తిరిగి విసిగి, కాగితాలన్నీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటకెక్కించేసిన ఇల్లాలిని నేనెరుగుదును. ఆవిడకి ఐదు వందల చందా అక్కర్లేదు. ఇంగ్లీషు దరఖాస్తు నింపి, పక్కన నడిచి, "ఈ కాగితం ఎందుకు చాలదో రాసివ్వండి" అని కౌంటరు దగ్గర గట్టిగా అడిగే మనిషి కావాలి. మా రోజుల్లో ప్లీడరుగారి భార్య ఆ పని చేసేది. చీర కుచ్చిళ్లు దోపుకుని ఆఫీసుకి వెళ్లి బల్ల ముందు కూర్చుంటే, పని అయ్యేదాకా లేచేది కాదు. ఇప్పుడు అపార్ట్‌మెంటులో ఆఫీసర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, రిటైరైన హెడ్మాస్టర్లున్నారు. వాళ్లందర్నీ ఐదు వందలు కొట్టి ఊరుకోనిస్తున్నాం.

పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల మాట తలుచుకుంటేనే గుండె నీరవుతుంది. మన ఇళ్లలో పద్దెనిమిదేళ్ల పిల్లకి పరీక్ష రోజు పెరుగన్నం కలిపి పెడతాం. హోములో పిల్ల ఆ వయసుకి పెట్టె సర్దుకోవాలి. చట్టంలో ఆ తరవాతి సాయానికీ వీలుంది, డబ్బు సాయమూ ఉంది. అయితే ఆ పిల్లకి గది అద్దెకిచ్చేదెవరు? "మీ నాన్నేం చేస్తాడు, మీ సొంతూరేది" అని అడిగే ఇంటివాళ్లకి ఏం చెబుతుంది? నర్సింగులో చేరితే గార్డియను సంతకం ఎవరు పెడతారు? సంక్రాంతికి హాస్టలు మూసేస్తే ఎక్కడికి పోతుంది?

మా మండలిలో దీనికి ఒక కట్టుబాటుండేది. హోములోంచి బయటికెళ్లే ప్రతి పిల్లకీ ఒక సభ్యురాలి ఇల్లు పుట్టిల్లు. రాతకోతలేం లేవు. పండక్కి రావాలి, తలంటు పోసుకోవాలి, కొత్త పరికిణీయో చీరో కట్టుకోవాలి. అక్కయ్యగారింటికి అలా వచ్చిన పిల్ల ఒకతి నర్సు చదివి, ప్రభుత్వాసుపత్రిలో చేరి, తనకి నచ్చినవాణ్ని చేసుకుంది. మొదటి కాన్పుకి అక్కయ్యగారింటికే వచ్చింది. వీధి గదిలో మంచం వేసి, కాయం ముద్ద దంచి, మూడో నెల వచ్చేదాకా పంపలేదు. అల్లుడికి బట్టలు పెట్టి, బిడ్డకి వెండి మొలతాడు కట్టి, చలిమిడి మూట చేతిలో పెట్టి పంపారు. ఆ అమ్మాయి మొదటి జీతం నుంచి మా పుస్తకంలో నెల చందా ఇచ్చింది. అక్కయ్యగారు పోయేదాకా ఆవిడకి బీపీ చూసింది కూడా ఆ పిల్లే, కన్నకొడుకులు బొంబాయిలో ఉంటే.

ఇదంతా కోడలి బృందం మీటింగులో చెప్పాను. కొందరు విన్నారు, కొందరు ఫోన్లు చూసుకున్నారు. చాలాసేపు వాదించుకున్నాక ఒక హోముని పట్టుకుని ఏడాది పాటు ఆయమ్మ జీతం, సాయంత్రం లెక్కలు చెప్పే టీచరు జీతం ఇవ్వడానికి ఒప్పుకున్నారు. నేను మూడేళ్లన్నాను, ఏడాది దగ్గర ఆగారు. వారానికి ఇద్దరు వంతులు వేసుకుని వెళ్లడానికి పేర్లు రాసుకున్నారు, ఆ కాగితంలో ఇంకా ఖాళీలున్నాయి. ఫొటోల దగ్గర పేచీ వచ్చింది. ఫొటో లేకపోతే డబ్బెక్కడికి వెళ్లిందో ఎలా నమ్ముతామని ఒకావిడ అడిగింది. అడగాల్సిన మాటే. పద్దు పుస్తకం పేజీ ఫొటో తీసి పెట్టండి, కిరాణా కొట్టు చీటీ పెట్టండి, పిల్లల మొహాలు వద్దన్నాను. దానికింకా అందరూ సరేననలేదు.

ఈ నెల నలభై ఫ్లాట్లలో పందొమ్మిది మంది కట్టారు. మిగతావాళ్లింటికి రేపు సాయంత్రం వెళ్తాను. "మళ్లీ ఒక మెసేజి పెడితే సరిపోతుంది కదత్తయ్యా" అంటోంది కోడలు. మెసేజికి ఇచ్చేవాళ్లు ఇప్పటికే ఇచ్చేశారు. మూడో అంతస్తులో ఒకావిడ మొదటి రెండు నెలలూ కట్టి ఈ నెల మానేసింది. ముందు ఆవిడింటికి వెళ్లాలి.